నాలుగు చక్రాలూ లాగే బండి

జిండబైన్
1990 ఏప్రిల్ 22, ఆదివారం

ఒరేయ్ ఐజాకూ,

నేను బతికే ఉన్నాను. చలికి వేళ్ళు కొయ్యబారాయి తప్ప మిగతా ఒళ్ళంతా దాని పని అది చేస్తూనే ఉంది. నువ్వూ శాంతీ బాగుంటే ఆ మాట ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాయి. నీ ఉత్తరాల్లో మొదటి పేజీ అంతా ప్రార్థనకే పోతుంది, అసలు సంగతి అంచులో ఇరుక్కుంటుంది.

నాకో బండి కావాలి. కారు కాదు. వెనకాల తొట్టి ఉండి, ఇక్కడి వాళ్ళు యూట్ అంటారే, అది. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

కిందటి చలికాలం నేను కొండమీద లాడ్జిలో గిన్నెలు కడిగిన సంగతి నీకు తెలుసు. ఒకరోజు వంటవాడు రాకపోతే పనివాళ్ళ కోసం ఉల్లిపాయ పకోడీలు వేశాను. మంచులో జారి జారి వచ్చిన జనం వాసన పట్టుకుని వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. లాడ్జి యజమాని అది చూసి, వచ్చే సీజనుకి నా కార్ పార్కులో ఓ మూల ఇస్తాను, నీ సొంతంగా పెట్టుకో అన్నాడు. నేను కూమాలో పాత ట్రైలరొకటి కొన్నాను. జాతర్లలో ఐస్‌క్రీం అమ్మిన ట్రైలరు. ఇప్పుడు దాన్లో రెండు పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు, నీళ్ళ ట్యాంకు పెట్టించాను. నిండుగా ఉంటే ఒకటిన్నర టన్ను. దాన్ని రోజూ కొండెక్కించాలి, దించాలి. జూన్‌లో మూడురోజుల సెలవుల లాంగ్ వీకెండ్‌కి ఇక్కడ మంచు సీజను మొదలు. ఆ శనివారం నేను అక్కడ లేకపోతే ఆ మూలని, మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ‘పై’లు అమ్మేవాడికిస్తానని యజమాని ముందే చెప్పేశాడు.

ఇక మా ఏతాన్ సంగతి. జూలై ఆఖరుదాకా నా గది అలాగే ఉంచుతాట్ట, ఆ తర్వాత అద్దెకిచ్చేస్తాట్ట. కన్నకొడుకు గడువు పెట్టాడు చూడు. వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచీ క్వేకర్స్ హిల్‌లో వాడింట్లో ఉండి వాడి పిల్లల్ని బడినుంచి తేవడం, సాక్సులు వెతకడం, సాయంత్రం కిటికీ దగ్గర నిలబడడం. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్ళాలో తోచేది కాదు. ఈ బండి కొండెక్కితే నేను ఇక్కడ. ఎక్కకపోతే మళ్ళీ ఆ కిటికీ. అంతే లెక్క.

ఇక్కడ యూట్‌లు తక్కువ, రేట్లు ఎక్కువ. మీ బ్లాక్‌టౌన్ వైపు వేలంపాటల్లో దొరుకుతాయట. నువ్వు చూసిపెట్టు. కిందటేడు టైర్లకి కొబ్బరినూనె రాస్తే మంచు అంటుకోదని నేను ఫోన్‌లో చెబితే, నువ్వది నమ్మి చర్చిలో పాస్టరుగారికి కూడా చెప్పి నవ్వులపాలయ్యావని విన్నాను. అందుకు క్షమాపణ అడిగే ఉద్దేశం నాకు లేదు. బండి మాత్రం చూడు.

నీ అక్క
మరియరాణి


వెస్ట్‌మీడ్
1990 మే 2

అక్కయ్యకు ప్రభువు నామమున వందనములు.

మేమిద్దరం ఆయన కృపలో కుశలం. నువ్వు వద్దన్నావు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను, కానీ మనసు ఒప్పుకోవడం లేదు.

నాకు బండ్ల సంగతి తెలియదని నీకు తెలుసు. ఆసుపత్రిలో దుప్పట్లు లెక్కపెట్టడం తప్ప నాకు వచ్చిన విద్య లేదు. అందుకని మా పక్కింటి కోటేశ్వరరావుగారిని వెంట తీసుకెళ్ళాను. ఆయనకు తెనాలిలో పదేళ్ళపాటు లారీలుండేవి. బానెట్ ఎత్తకుండానే శబ్దం విని రోగం చెబుతారు.

వేలంపాట యార్డులో ఒక తెల్ల యూట్ చూశాం. పెట్రోల్ బండి. సీట్లు మెత్తగా సోఫాలా ఉన్నాయి, రేడియో పలుకుతోంది. వెనక చక్రాలు రెండే లాగుతాయి, అయినా చక్రాలకి గొలుసులు చుట్టుకుంటే మంచులో ఫరవాలేదని అమ్మేవాడన్నాడు. యార్డువాడు ఒక పూట నడిపి చూసుకోమని ఇచ్చాడు. బరువు లాగుతుందో లేదో తెలియాలి కదా. మనకు టన్నున్నర ఎక్కణ్ణుంచి వస్తుంది. కోటేశ్వరరావుగారు మన చర్చిలో పాడే క్వయర్ మొత్తాన్ని వెనక తొట్టిలో ఎక్కించి, చర్చి పక్క ఎత్తు మీదికి తోలారు. బండి బాగానే ఎక్కింది. ఊరికే ఉండలేక వాళ్ళు పాట కూడా ఎత్తుకున్నారు. ఎత్తు పైన పోలీసు ఆపాడు. ఇదంతా ఏమిటని అడిగితే కోటేశ్వరరావుగారు “లోడ్ టెస్టింగ్, సర్” అన్నారు. పోలీసు చాలాసేపు వాళ్ళందరినీ చూసి, అందర్నీ నడిచి దిగమన్నాడు. సోప్రానో, అంటే పైస్థాయి పాడే అమ్మాయిలు ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.

ఆ తెల్లబండి తీసుకోమంటావా? ఏతాన్ కూడా అదే నయమంటున్నాడు. అమ్మ మహా అయితే ఒక సీజను ఉంటుంది, తర్వాత మాకు సామాను మోయడానికి పనికొస్తుంది అన్నాడు.

నీ తమ్ముడు
ఐజాక్


జిండబైన్
1990 మే 9

ఒరేయ్ లోడ్ టెస్టింగూ,

నీ ఉత్తరం నేనద్దెకున్న ఇంటావిడకి ఇంగ్లీషులో చెప్పి వినిపించాను. ఆవిడ నవ్వు ఆగక టీ ఒలకబోసుకుంది. అది ఒక మంచిపని చేశావు. మిగిలిందంతా తప్పే.

తెల్లబండి వద్దు. మెత్తటి సీటు ఎవడిక్కావాలి, నేనేమన్నా పెళ్ళికి వెళుతున్నానా? ఎక్కడం ఒక్కటే చూశావు. కొండ మీద ఎక్కడం కాదు కష్టం, దిగడం. సాయంత్రం రోడ్డు అద్దంలా అయిపోతుంది. వెనకనుంచి టన్నున్నర ట్రైలరు మెడమీద చెయ్యేసి తోస్తుంటుంది. అప్పుడు బ్రేకు తొక్కితే బండి ఒకవైపు, ట్రైలరు ఒకవైపు పోతాయి. చిన్న గేరులో వేసి ఇంజనే పట్టి ఆపాలి. కాబట్టి నాలుగు చక్రాలూ లాగేది కావాలి, మామూలు గేరు కర్ర పక్కనే పొట్టి గేర్లకి రెండో కర్ర ఉండాలి. డీజిల్ ఇంజను అయితే ఇంకా మంచిది, నిదానంగా లాగుతుంది. పైగా నాలుగు చక్రాల బండికైతే ఇక్కడి నేషనల్ పార్కువాళ్ళు గొలుసులు అడగరు. రెండు చక్రాల బండ్లవాళ్ళు మంచులో పడుకుని గొలుసులు కట్టుకుంటుంటే రోజూ చూస్తున్నాను, ఆ సరదా నాకొద్దు. వెనక కొక్కెం గట్టిదా కాదా, దాని మీద ఎంత బరువు లాగొచ్చని రాసి ఉందో చూడు. ఏతాన్ సామాను సంగతి చూడకు.

బండి కొన్నాక చేయాల్సినవి చెబుతాను, ఒక్కటీ మరచిపోకు. అక్కడి డీజిల్ ట్యాంకు నిండా పోయించొద్దు. అది ఇక్కడి చలికి నెయ్యిలా గడ్డకడుతుంది. కూమాదాకా రావడానికి సరిపడా పోయించి, చలికి గడ్డకట్టని కొండ డీజిల్ ఇక్కడ పోయించాలి. రేడియేటర్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా మందు ఉండాలి. ఇక్కడికొచ్చాక రాత్రి హ్యాండ్ బ్రేకు లాగి పెట్టొద్దు, అది అలాగే బిగుసుకుపోతుంది, గేరులో వదిలెయ్యాలి. ఆఖరుది, డ్రైవరు సీటు కింద ఒక కిలో ఎండుమిరపకాయలు సంచిలో కట్టి పెట్టండి, ఆ వేడికి ఇంజను పొద్దున్నే మొదటి తిప్పుకే అందుకుంటుంది. గుంటూరువైతే మరీ మంచిది.

తొందరగా కానియ్యి. నాకు ఇక్కడ కాలు నిలవడం లేదు. ట్రైలరుకి రెండుసార్లు రంగు వేశాను, మూడోసారి వేస్తానేమోనని భయంగా ఉంది.

మరియరాణి


వెస్ట్‌మీడ్
1990 జూన్ 5

అక్కయ్యకు,

దేవుడు దయగలవాడు. బండి దొరికింది. ఆకుపచ్చ రంగు, జపాన్ డీజిల్, నాలుగు చక్రాలూ లాగుతుంది, నువ్వు చెప్పిన రెండో కర్ర ఉంది. సీటు మాత్రం బల్లలా ఉంది, నీకు సంతోషమే కదా. కొక్కెం గట్టిది. రెండు టన్నులకు పైనే లాగొచ్చని దాని మీద రేకు బిగించి ఉంది. ఈసారి క్వయర్‌ని ఎక్కించలేదు.

కోటేశ్వరరావుగారే స్వయంగా గురువారం తోలుకొస్తున్నారు. తిరుగు ప్రయాణం బస్సులో. నిన్నంతా మేమిద్దరం బండికి సేవ చేశాం. రేడియేటర్ మూత తీస్తే నీళ్ళు ఆకుపచ్చగా పాచిపట్టి ఉన్నాయి, పాత యజమాని ఎన్నేళ్ళయిందో మార్చి. మొత్తం దింపేసి మూడుసార్లు కడిగి, మంచినీళ్ళ పంపు కింద పట్టిన తేటనీళ్ళు నింపాం. తన లారీలకు రోజూ పొద్దున్నే ఇలాగే చేయించేవాణ్ణని ఆయన చెప్పారు. దారిలో ఇబ్బంది లేకుండా డీజిల్ కూడా ఇక్కడే ట్యాంకు నిండా పోయించాం.

నీ నాలుగు సలహాలూ ఆయనకు చదివి వినిపించాను. ఎండుమిరపకాయల దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వి, పదేళ్ళ లారీ వ్యాపారంలో డీజిల్ గడ్డకట్టడం కనలేదు, వినలేదు, మీ అక్కగారు మళ్ళీ కొబ్బరినూనె మొదలెట్టారన్నారు. నేను కూడా నవ్వాను. ఒక్కసారైనా నీ చేతిలో మోసపోకుండా తప్పించుకున్నందుకు, అక్కయ్యా, నిజం చెబుతున్నాను, నాకు గర్వంగా ఉంది.

శాంతి గోంగూర పచ్చడి పంపుతోంది.

ఐజాక్


జిండబైన్
1990 జూన్ 12

ఐజాక్,

నీ గర్వం శుక్రవారం మధ్యాహ్నం టపాలో అందింది. అప్పటికి నీ తేటనీళ్ళు పని పూర్తి చేశాయి.

గురువారం సాయంత్రం కోటేశ్వరరావు అన్నయ్య వచ్చాడు. నేను రాసినవన్నీ చేశారా అని అడిగాను. “అన్నీ చూసుకున్నాం చెల్లెమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు” అన్నాడు. శనివారానికి ఉల్లిపాయలు కోస్తూ ఉన్నాను, చేతులు ఖాళీ లేవు, నమ్మాను. ఆయన బండిని వాకిట్లో నిలిపి, జాగ్రత్తమనిషి కదా, హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో పట్టి లాగాడట.

పొద్దున లేస్తే గడ్డి మీద ఉప్పు పోసినట్టుంది. తాళం తిప్పితే ఇంజను మూలిగి ఊరుకుంది. ట్యాంకులో డీజిల్ మైనంలా తెల్లబారింది. గ్యారేజీ అతను వచ్చి బండిని లాక్కెళదామంటే వెనక చక్రాలు తిరగవు. బానెట్ ఎత్తి చూశాడు. లోపలి నీళ్ళు మంచుగడ్డై ఉబ్బి, ఇంజను పక్కనున్న రేకు బిళ్ళల్ని బయటికి నెట్టేశాయి. అవి ఊడబట్టి ఇంజను చీలకుండా బతికిందేమో, కరిగితే గాని చెప్పలేనన్నాడు. బిళ్ళలు కాన్‌బెర్రా నుంచి రావాలి. లాంగ్ వీకెండ్, షాపులు మూత.

శనివారం కొండమీద నా మూలలో ఆ పైలవాడు నిలబడ్డాడు. యజమాని కబురు పంపాడు, సారీ అని. ఇక్కడ సారీ చెబితే పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. శనివారం ఎనిమిది గంటలకు ఇంటావిడ ఫోన్‌కి ఏతాన్ చేశాడు. “మమ్, కార్ పాడైందట కదా, ఇట్స్ ఓకే, కమ్ హోమ్” అన్నాడు. నేనింకా ఎవరికీ చెప్పలేదు. వాడికెలా తెలిసింది? ఎర్ర ఇంకుతో గీసి చెప్పినంత స్పష్టంగా రాశాను మందు ఉండాలని, డీజిల్ పోయించొద్దని. చెప్పిన మూడింటికి మూడూ తలకిందులుగా చేయడం ఊరికే జరుగుతుందా? నేను మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి చేరాలని నువ్వూ వాడూ అనుకున్నారా? నేను నీతో ఆడిన వేళాకోళాలన్నిటికీ కలిపి ఒకేసారి బదులు తీర్చుకున్నావా?

ఫోన్ చేయకు. ఫోన్‌లో అయితే అరుస్తాను. రాయి.

మరియరాణి


వెస్ట్‌మీడ్
1990 జూన్ 17

అక్కయ్యా,

కోటేశ్వరరావుగారు శుక్రవారమే ఏడుపుగొంతుతో ఫోన్ చేశారు. ఏతాన్‌కి నేనే చెప్పాను. తల్లి కష్టంలో ఉంటే కొడుక్కి తెలియాలనుకున్నాను. అందులో వేరే ఏమీ లేదు.

నీళ్ళు కావాలని పోయలేదు. కావాలని చెయ్యడం నాకు ఏ రోజు వచ్చింది? నాలుగు సలహాల్లో ఒకటి ఎండుమిరపకాయలైతే మిగతా మూడు నిజమని నాలాంటివాడు ఎలా పోల్చుకోవాలి? నువ్వు నిజం చెప్పేటప్పుడూ అబద్ధం చెప్పేటప్పుడూ నీ చేతిరాత ఒకేలా ఉంటుంది. నిన్న దుకాణానికి వెళ్ళి ఆ మందు డబ్బా చూశాను. ఆకుపచ్చగానే ఉంది. మేము పాచి అనుకుని కాలవలో పారబోసింది అదే. డబ్బా పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోతే కుర్రాడు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఇంకొకటి కూడా రాయాలి. రాయకపోతే ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోలేను.

బండి పాడైందని ఫోన్‌లో వినగానే ముందు అయ్యో అనుకోలేదు. అక్క తిరిగొచ్చేస్తుంది అనుకున్నాను. సంతోషమేసింది. ఒక్క నిమిషమే, కానీ వేసింది. నువ్వు వెళ్ళాక ఆదివారాలు చర్చి అయ్యాక నన్ను ఆటపట్టించేవాళ్ళు లేరు. అందరూ ఐజాక్ అంకుల్ అని మర్యాదగా పలకరించి వెళ్ళిపోతారు. శాంతి కూడా అడిగింది, మీరెందుకు ఈ మధ్య ఏదీ నమ్మడం లేదు అని. నమ్మడానికి ఎవరూ ఏమీ చెప్పడం లేదు మరి.

నువ్వు అడిగిన దానికి ఇదే నా జవాబు. మోసం చేయలేదు. సంతోషించాను. రెండోది తప్పయితే అది నా మీదే ఉండనీ, ఏతాన్ మీద పెట్టకు.

కోటేశ్వరరావుగారు ఇంకా ఇంటికి రాలేదు. అక్కడేం చేస్తున్నారు?

ఐజాక్


జిండబైన్
1990 జూలై 12

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు కోపంతో. మూడోసారి చదివి మడిచి పెట్టాను, అంతకుమించి నన్నడగకు. ఎండుమిరపకాయల మాట నేను రాయకుండా ఉండాల్సింది. నా నోట ఇంతకన్నా పెద్ద మాట రాదని నీకు తెలుసు, కాబట్టి దీన్నే బాగా పొడిగించి చదువుకో.

కోటేశ్వరరావు అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. బండి మళ్ళీ నడిచేదాకా తెనాలివాడిగా ముఖం చూపించలేనని బస్సెక్కలేదు. గ్యారేజీ పక్క దుకాణంలో గొలుసులు అద్దెకిస్తారు. జనం అక్కడ వరస కట్టి వణుకుతూ ఉంటారు. ట్రైలరు గ్యారేజీ ముందే పడి ఉంది కాబట్టి, నేను ఊరికే కూర్చోలేక పొయ్యి వెలిగించాను. అన్నయ్య మిరపకాయ బజ్జీలు వేశాడు. ఏదో కొంచెం అమ్ముడుపోయింది. ఐదోరోజున గ్యారేజీ అతను నూనె వాసనకి తలనొప్పిగా ఉందని కసురుకున్నాడు. ఆ పక్షంరోజులు నేను రోడ్డు చివరిదాకా నడవడం, కొండవైపు చూడడం, తిరిగి రావడం. చెప్పులరిగాయి.

బిళ్ళలొచ్చాయి, ఇంజను చీలలేదు. ఈసారి ఆకుపచ్చ మందు నేనే నా చేత్తో పోశాను. కొండ డీజిల్ పోయించాను. బండి ఉంది, వెళ్ళడానికి చోటు లేదు. నా మూల పైలవాడిది కదా. ఏతాన్‌కి వచ్చేస్తున్నానని చెప్పడానికి ఒకసారి ఫోన్ దాకా వెళ్ళాను కూడా. ఎంగేజ్ వచ్చింది.

జూలై ఎనిమిదిన అసలు మంచు పడింది. బడి సెలవులు, ఊరు కిక్కిరిసి ఉంది. పొద్దున్నే పైలవాడి వ్యాను వెనక్కి దిగొచ్చింది. గొలుసు తెగి రోడ్డు పక్క గట్టుకి జారాడట, ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నేను అన్నయ్యని చూశాను, అన్నయ్య నన్ను చూశాడు. ఎవరూ రమ్మనలేదు. ట్రైలరు తగిలించాం. సిలిండర్లు ముందువైపుకి జరిపాను, బరువు వెనక ఉంటే ట్రైలరు తోక ఊపుతుంది. రెండో కర్ర లాగి బయలుదేరాను.

ఎక్కేటప్పుడు భయం లేదురా. నాలుగు చక్రాలూ నేలని గోళ్ళతో పట్టుకున్నట్టు ఎక్కింది. మనిషి నడిచే వేగం. ఒకచోట పొగమంచులో ముందు ఏమీ కనిపించక, రోడ్డు అంచు తెలియడానికి పాతిన ఎర్ర కర్రల్ని చూసుకుంటూ పోయాను. అన్నయ్య రెండు కాళ్ళతో లేని బ్రేకు తొక్కుతూ ఉన్నాడు.

పైకి వెళితే లాడ్జి యజమాని పారతో మంచు ఎత్తిపోస్తున్నాడు. నన్ను చూసి, బండిని చూసి, పార ఆపాడు. ఆ మూలలో మంచు తీసి పక్కకి తోశాడు, అంతే. ఆ రోజు పిండి రెండుసార్లు కలిపాను.

దిగేటప్పుడు మాత్రం చెబుతాను. నాలుగింటికి రోడ్డు మెరవడం మొదలైంది. చిన్న గేరులో వేశాను. ట్రైలరు వెనకనుంచి తోసింది. బ్రేకు మీదికి పాదం దానంతటదే వెళ్ళింది. అన్నయ్య కేకేశాడు.

“తొక్కు చెల్లెమ్మా, తొక్కు!”

“అన్నయ్యా, నీ కాళ్ళు రెండూ సీటు మీద పెట్టుకో” అన్నాను. నా పాదం తీసి నేల మీద ఉంచాను. ఇంజను అరిచింది, పట్టుకుంది. అది నన్ను పట్టుకుని దించుతున్నట్టు మెడ దాకా తెలిసింది. కింద ఊరి దీపాలు కనబడేసరికి ఆయన పద్మాసనంలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. హిందువైనా ఏసుక్రీస్తుని కూడా పిలిచాడని నా అనుమానం.

యజమానీ, పైలవాడూ మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేశారు. రోడ్డు ఎండి ఉన్న రోజు అతనిది, మంచు పడ్డ రోజు నాది. అతను తానే గెలిచానని సంబరపడుతున్నాడు. జనం వచ్చేది మంచు పడ్డ రోజునేనని నేను చెప్పలేదు.

ఏతాన్‌కి నిన్న ఫోన్ చేశాను. గది ఇచ్చేసుకోమన్నాను. “ఆర్ యూ షూర్, మమ్?” అన్నాడు. అవునన్నాను. వాడు ముక్కు చీదాడు, నేనూ చీదాను, ఇద్దరం జలుబన్నాం.

ఆ గదిలో నా మంచం ఉంది. అది విప్పి తీసుకెళ్ళి మీ ఇంట్లో, వీధివైపు గదిలో వేయించు. మంచు కరిగాక వస్తాను. ఆదివారం చర్చి అయ్యాక అందరి ముందూ నిన్ను ఏడిపిస్తాను, శాంతికి చెప్పి ఉంచు. మూడోరోజు పొద్దున్నే వెళ్ళిపోతాను. ఆపకు.

మరియరాణి